ఇంటి దగ్గర 46 గంటల కీమో: పోర్టు, బెలూన్ పంపుతో ఆరు నెలలు గడపవలసిన విధానం

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆసుపత్రి డే కేర్‌లో, ఛాతీ మీద చర్మం లోపల అమర్చిన పోర్టు అనే చిన్న డబ్బీకి తగిలించిన మందు పంపు బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఖాళీ అవుతుంది. ఈ 46 గంటలూ రోగి ఇంట్లోనే ఉంటారు, తింటారు, నిద్రపోతారు, వాకిట్లో నాలుగు అడుగులు వేస్తారు. మందు మాత్రం రాత్రీ పగలూ రక్తంలోకి సన్నగా పోతూనే ఉంటుంది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లకు ఇచ్చే ఫోల్‌ఫాక్స్, ఫోల్‌ఫిరి చికిత్సల్లో ఇది రెండు వారాలకు ఒకసారి జరుగుతుంది. ఆపరేషన్ తరువాత ముందుజాగ్రత్తగా ఇచ్చే ఫోల్‌ఫాక్స్ పూర్తి కోర్సు 12 సైకిళ్లు, అంటే ఆరు నెలలు. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారిలో అది ఇంకా ఎక్కువ కాలం సాగవచ్చు. క్లోమగ్రంథి క్యాన్సర్‌కు ఇచ్చే ఫోల్‌ఫిరినాక్స్‌లోనూ ఇదే 46 గంటల పంపు ఉంటుంది. జీర్ణాశయ క్యాన్సర్‌కు వాడే ఫ్లాట్ అనే పద్ధతిలో మాత్రం పంపు 24 గంటలే ఉంటుంది.

ఈ చికిత్సలో ఇంటివాళ్లు చేతులతో చేయవలసిన పని చాలా తక్కువ. కళ్లతో చేయవలసిన పని ఎక్కువ. పంపు నడక మీ చేతిలో లేదు, దాన్ని సరిచేసే మీటా లేదు. అది సరిగా నడుస్తున్నదో లేదో కనిపెట్టడం, నడవనప్పుడు గొట్టాన్ని నొక్కి మూసే క్లాంప్ వేసి ఫోన్ చేయడం, ఈ రెండే మీవి. కింద రాసినదంతా ఆ రెండు పనులను ఎలా చేయాలన్న దాని గురించే. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఎక్కడైనా దీనికి భిన్నంగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

అసలు 46 గంటలు ఎందుకు

పంపులో ఉండే మందు పేరు ఫ్లోరోయురాసిల్. ఆసుపత్రుల్లో ఫైవ్ ఎఫ్‌యూ అంటారు. అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం 1957లో వెలుగులోకి తెచ్చిన ఈ పాత మందు నేటికీ జీర్ణవ్యవస్థ క్యాన్సర్ల చికిత్సకు వెన్నెముక. కణం విభజన చెందడానికి ముందు డీఎన్‌ఏను తయారు చేసుకునే దశలో ఇది అడ్డుపడుతుంది. అయితే రక్తంలోకి వెళ్లిన మందులో సగం సుమారు 10 నుంచి 20 నిమిషాల్లోనే విరిగిపోతుంది. క్యాన్సర్ కణాలన్నీ ఒకే నిమిషంలో విభజన చెందవు కాబట్టి, ఒక్కసారిగా ఎక్కించిన మందుకు దొరకని కణాలు చాలా మిగిలిపోతాయి. అందువల్ల మందును రెండు రోజుల పాటు ఆపకుండా పంపిస్తారు. దీనివల్ల దుష్ఫలితాల తీరు కూడా మారుతుంది: ఒక్కసారిగా ఇచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు ఎక్కువగా పడిపోతాయి, నిదానంగా ఇచ్చినప్పుడు ఆ బాధ తగ్గి, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి మండే లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది.

మోతాదు శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. చాలాచోట్ల వాడే ఫోల్‌ఫాక్స్ పద్ధతిలో 46 గంటలకు చదరపు మీటరుకు 2,400 మి.గ్రా. వేస్తారు; 1.6 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న మనిషికి అది 3,840 మి.గ్రా. అవుతుంది. ఎత్తు, బరువుల నుంచి ఈ లెక్క వస్తుంది కాబట్టి ప్రతి సైకిల్‌కూ బరువు తూచవలసిందే. నాలుగైదు కిలోలు తగ్గినవారికి పాత మోతాదే కొనసాగుతుంటే అడగడం మీ హక్కు.

పంపుకు ఒప్పుకొనే ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటిది, మాత్రలతో సరిపోతుందా అన్న ప్రశ్న. కేపెసిటబిన్ అనే మాత్ర శరీరంలోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గానే మారుతుంది. కొందరికి పంపు బదులు దీన్ని వాడే వీలుంది, అప్పుడు పోర్టూ అక్కర్లేకపోవచ్చు. మూత్రపిండాల పనితీరు, మాత్రలు మింగగల శక్తి, వ్యాధి దశ, వీటన్నిటినీ చూసి డాక్టరుగారు తేల్చే విషయమిది. నగరానికి ఐదారు గంటల ప్రయాణ దూరంలో ఉన్నవారు ఈ ప్రశ్నను తప్పక అడగాలని నా అభిప్రాయం. రెండు వారాలకు ఒకసారి రెండు సార్లు ప్రయాణం చేయడం ఆరు నెలల్లో మనిషినీ జేబునూ ఎంత అలసగొడుతుందో మొదటి సైకిల్ నాడు తెలియదు.

రెండోది డీపీడీ పరీక్ష. ఈ మందును శరీరంలో విరగ్గొట్టే ఎంజైమ్ పేరది. కొద్దిమందిలో పుట్టుకతోనే అది తక్కువగా ఉంటుంది, మరీ అరుదుగా అసలే ఉండదు. అటువంటివారికి మామూలు మోతాదు కూడా విషమవుతుంది. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చికిత్సకు ముందే ఈ పరీక్ష చేయించమని సిఫారసు చేసింది. మన దగ్గర అది అన్నిచోట్లా ఆనవాయితీగా చేసేది కాదు కనుక అడిగి తెలుసుకోవాలి. పరీక్షలో లోపం కనిపించకపోయినంత మాత్రాన ముప్పు పూర్తిగా తొలగిపోయినట్టు కాదు. అందుకే మొదటి సైకిల్‌ను అందరూ జాగ్రత్తగా గమనించవలసినదే.

మూడోది, పంపు ఖాళీ అయ్యాక ఎవరు విడదీస్తారు అన్నది. ఆసుపత్రికే తిరిగి రావాలా, మీ పట్టణంలో పోర్టు వాడిన అనుభవం ఉన్న నర్సు ఎవరైనా ఉన్నారా, ఇంటికి వచ్చి విడదీసే ఏర్పాటు ఉందా? కొన్ని దేశాల్లో రోగికో బంధువుకో నేర్పి ఇంట్లోనే విడదీయనిస్తారు. నేర్పించకుండా ఎవరూ ఆ పనికి పూనుకోకూడదు. ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద చికిత్స పొందుతున్నవారు పోర్టు, పంపు, ప్రత్యేక సూది, విడదీయడానికి వచ్చినప్పటి ఖర్చు ప్యాకేజీలో ఉన్నాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోవాలి.

పోర్టు

పోర్టు అంటే కాలర్ ఎముక కింద చర్మం లోపల అమర్చే చిన్న డబ్బీ. దాని పైన గట్టి సిలికాన్ పొర, కింద నుంచి గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళ్లే సన్నని గొట్టం ఉంటాయి. చేతి నరాల్లో ఇంతసేపు ఈ మందు పోతే అవి వాచి గట్టిపడతాయి, పైగా చేతి సూది నిద్రలో కదిలిపోతుంది. కొందరికి పోర్టు బదులు పై చేతి నుంచి పిక్ లైను అనే పొడవాటి గొట్టం వేస్తారు. దానికి వారానికొకసారి డ్రెస్సింగ్ మార్పించుకోవాలి, స్నానానికి ఎప్పుడూ ఇబ్బందే.

పోర్టులోకి గుచ్చేది హ్యూబర్ సూది. దాని కొన సిలికాన్‌ను తొలిచి ముక్క తీయకుండా పొరను పక్కకు నెట్టుకుంటూ దిగేలా వంపుగా ఉంటుంది, అందుకే ఒకే పోర్టును వందల సార్లు వాడవచ్చు. అత్యవసరంలో చిన్న క్లినిక్‌లో ఎవరైనా మామూలు సూదితో పోర్టులోంచి రక్తం తీయబోతే వద్దని చెప్పండి. పోర్టు వేసినప్పుడు ఇచ్చిన కార్డును ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇంటిని సిద్ధం చేయడం

మొదటి పంపుతో ఇంటికి రాకముందే ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఈ వస్తువులు పెట్టుకోవాలి: రెండు జతల మందపాటి చేతి తొడుగులు, పాత నూలు గుడ్డలు లేదా పీల్చుకునే కాగితపు తువ్వాళ్లు, మూతి కట్టుకోగల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, సబ్బు, అంటించే మెడికల్ టేపు, డిజిటల్ థర్మామీటర్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, డాక్టరుగారు రాసిన వాంతి మాత్రలు, విరేచనాల మాత్రలు. ఆసుపత్రివాళ్లు స్పిల్ కిట్ (ఒలికిన మందును తుడిచే సామాను) ఇస్తే అందులోని తొడుగులు, గుడ్డలు వాడుకోవచ్చు. డబ్బా మూత మీద డే కేర్ నంబరు, రాత్రిపూట ఎత్తే ఆసుపత్రి నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రాత్రి రెండు గంటలకు డిశ్చార్జ్ కాగితాల్లో నంబరు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

వీటికి తోడు గ్రాము వరకు చూపే వంటింటి తూకం ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. దాని ప్రయోజనం ముందు ముందు తెలుస్తుంది.

బట్టల విషయంలో ముందు బొత్తాలున్న చొక్కా, నైటీ సుఖంగా ఉంటాయి. ఆడవాళ్లు ఒక సంగతి మరవకూడదు: పమిటకు పెట్టుకునే పిన్నీసు, మంగళసూత్రానికి వేలాడే పిన్నీసుల గుత్తి గొట్టానికీ బెలూన్‌కూ ప్రమాదం. ఆ రెండు రోజులూ వాటిని తీసి దేవుడి దగ్గర పెట్టుకోండి.

ఆసుపత్రి గుమ్మం దాటక ముందు

పంపు మీది చీటీని మీరే చదవాలి. రోగి పేరు, మందు పేరు, మొత్తం మోతాదు, గంటకు ఎన్ని మి.లీ. పోతుంది, మొదలుపెట్టిన సమయం, ముగియవలసిన సమయం, ఇన్నీ ఉన్నాయో చూడండి. తరువాత చిన్న భాగహారం చేయండి. పంపు సీసాలో 230 మి.లీ. మందు ఉండి, పంపు మీద గంటకు 5 మి.లీ. అని ఉంటే 230ని 5తో భాగిస్తే 46 వస్తుంది. వేరే అంకె వస్తే అక్కడే నర్సును అడగండి.

ఇది చాదస్తం కాదు. 2006లో కెనడాలోని ఎడ్మంటన్‌లో నాలుగు రోజుల పాటు పోవలసిన ఫ్లోరోయురాసిల్ నాలుగు గంటల్లో పోయి ఒక మహిళ కొన్ని వారాల్లో మరణించారు. అది బ్యాటరీతో నడిచే పంపు. గంటకు 1.2 మి.లీ. అని పెట్టవలసిన చోట, 24 గంటలకు పోవలసిన 28.8 మి.లీ. అంకెను గంట లెక్కగా పెట్టారు. మన దగ్గర ఎక్కువగా వాడే బెలూన్ పంపులో అంకెలు నొక్కే పని లేదు గనుక ఆ తీరు పొరపాటు జరగదు. కానీ గంటకు 2 మి.లీ. పంపే సీసా, 5 మి.లీ. పంపే సీసా చూపుకు ఒకేలా ఉంటాయి. చీటీ చదవడం ఒక్కటే దానికి మందు.

అటుపైన క్లాంపులన్నీ తెరిచి ఉన్నాయా, సూది మీది పారదర్శకమైన డ్రెస్సింగ్ అంచులు పూర్తిగా అతుక్కున్నాయా, గొట్టం చివర ఉండే గట్టి బిళ్లను చర్మానికి ఆనించి టేపు వేశారా అని చూడాలి. ఏ క్లాంప్ వేస్తే మందు ఆగుతుందో నర్సు ముందే మీ చేతితో వేలు పెట్టి చూపించండి.

బెలూన్ పంపు ఎలా పనిచేస్తుంది

గట్టి ప్లాస్టిక్ సీసా లోపల ఉబ్బిన రబ్బరు బెలూన్ ఉంటుంది, మందు ఉండేది ఆ బెలూన్‌లో. ముడుచుకోవాలని చూసే రబ్బరు మందును బయటికి నెడుతుంది. గొట్టం చివరి బిళ్లలో ఉన్న వెంట్రుకవాసి రంధ్రం దాన్ని గంటకు ఇంతే అని నిలువరిస్తుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, చప్పుడు లేదు. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇదొక వరమే. దాని లోపం కూడా అక్కడే ఉంది: ఆగిపోయినా, తొందరపడినా అది మోగి చెప్పదు.

ఆ సన్న రంధ్రం దగ్గర వేడి మారితే మందు చిక్కదనం మారి వేగం మారుతుంది. ఒక్కో సెంటీగ్రేడ్ డిగ్రీకి సుమారు రెండు మూడు శాతం తేడా వస్తుంది. చాలా రకాల పంపులను చర్మపు వేడిని, అంటే 31 నుంచి 33 డిగ్రీలను లెక్కలోకి తీసుకొని తయారు చేస్తారు. బిళ్లను చర్మానికి అంటించేది అందుకే. టేపు ఊడి బిళ్ల ఏసీ గాలికి వేలాడితే మందు నెమ్మదిస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండకు పంపుతో బయట తిరిగితే వేగం పెరుగుతుంది. కిటికీ ఎండ, పొయ్యి పక్క, వేడినీళ్ల కాపడం, కూలర్‌కు ఎదురుగా పడుకోవడం, ఇవన్నీ మానాలి. ఎండాకాలం బస్సులో ఇంటికి వెళ్లేటప్పుడు కిటికీ పక్క సీటు కాకుండా లోపలి సీటు చూసుకోండి. ఆ ఎండ ఈ మందు వాడేవారి చర్మాన్ని కూడా త్వరగా నల్లబరుస్తుంది.

ఎత్తు కూడా కొంత ప్రభావం చూపుతుంది. సీసా పోర్టు ఎత్తుకు దగ్గరగా ఉండాలి. నేల మీద పెడితే కాస్త నెమ్మదిస్తుంది, తల పైన మేకుకు తగిలిస్తే కాస్త తొందరపడుతుంది. నడుం సంచిలోనో మెడ సంచిలోనో పెట్టుకొని, రాత్రి తలగడ పక్కన పరుపు మీద ఉంచుకోవాలి. తలగడ కిందా, దుప్పటి మడతల్లోనూ పెట్టకూడదు.

46 గంటల లెక్క

ఇంటికి రాగానే సీసాను గొట్టం లాగకుండా తూకం మీద నిలబెట్టి బరువు రాసుకోండి. గంటకు 5 మి.లీ. పంపు అయితే 12 గంటలకు దాదాపు 60 గ్రాములు, 24 గంటలకు 120 గ్రాములు తగ్గాలి, 2 మి.లీ. పంపు అయితే 24 గంటలకు 48 గ్రాములు. గొట్టం బరువు కూడా కొంత కలుస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే విధంగా పెట్టి తూచాలి. పది పదిహేను శాతం తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఈ పంపుల స్వభావమే అది. కంటితో చూసి పోల్చడం కంటే ఇదే నమ్మదగినది, ఎందుకంటే మొదటి ఐదారు గంటల్లో బెలూన్ చిన్నబడినట్టు దాదాపు కనిపించదు. ఆ పూట చాలా ఇళ్లలో మందు పోవడం లేదన్న భయంతో సీసాను ఊపడం, నొక్కడం జరుగుతుంది. అవి రెండూ చేయకూడదు.

రోజుకు మూడుసార్లు, అంటే లేవగానే, మధ్యాహ్నం, పడుకునే ముందు, ఒకే క్రమంలో చూడండి. సీసా నుంచి మొదలుపెట్టి గొట్టం వెంట వేలితో ఛాతీ దాకా రావాలి: బరువు, గొట్టంలో మడత, క్లాంప్, అతుకుల దగ్గర తడి, బిళ్ల మీది టేపు, డ్రెస్సింగ్, చుట్టూ చర్మం. నోట్‌బుక్‌లో సమయం, బరువు, జ్వరం, ఎన్నిసార్లు విరేచనమైంది, ఎంత నీరు తాగారు అని ఒక్క వరుస రాస్తే చాలు. తరువాతి సైకిల్ నాడు డాక్టరుగారి ముందు జ్ఞాపకం మీద ఆధారపడవలసిన పని ఉండదు.

స్నానం గురించి అందరూ అడుగుతారు. సూది ఉన్నంతసేపు తల మీద నీళ్లు పోసుకోకూడదు. నడుం కిందికి పోసుకొని, పైభాగం తడిగుడ్డతో తుడుచుకోవాలి. డ్రెస్సింగ్ లోపలికి నీరు చేరితే మార్పించుకోవలసిందే.

పంపు మొరాయిస్తే

రెండో పూట తూచినప్పుడు బరువు ఏమీ తగ్గకపోతే ముందు క్లాంపులు, మడతలు, సంచి జిప్పులో గొట్టం ఇరుక్కోవడం చూడండి. నూటికి ఎక్కువ పాళ్లు కారణం అక్కడే దొరుకుతుంది. సరిచేశాక మూడు గంటలకు మళ్లీ తూచి, అప్పటికీ కదలిక లేకపోతే ఫోన్ చేయండి. సిరంజీతో నెట్టి దారి తీయాలని ఎవరూ ప్రయత్నించకూడదు. చెప్పిన సమయానికి కొద్దిగా మందు మిగిలితే అది ప్రమాదం కాదు. ఎంతసేపు ఆగాలో ఆసుపత్రివాళ్లే చెబుతారు.

దీనికి పూర్తి భిన్నమైనది ముందే ఖాళీ కావడం. ఐదారు గంటల ముందు ముగిస్తే సాధారణంగా ఏమీ కాదు, అయినా చెప్పాలి. సగం కాలానికే సీసా ఖాళీ అయితే ఆ క్షణాన రోగి ఎంత హుషారుగా ఉన్నా ఆసుపత్రికి బయలుదేరవలసిందే. ఈ మందు అధికంగా పోయినప్పటి విషలక్షణాలు అదే రోజు కాకుండా కొన్ని రోజులకు బయటపడతాయి. విరుగుడుగా యూరిడీన్ ట్రయాసిటేట్ అనే మందుకు 2015లో అమెరికాలో ఆమోదం లభించింది. దాన్ని పంపు ముగిసిన 96 గంటల లోపే మొదలుపెట్టాలి. మందుల దుకాణంలో అడిగితే దొరికేది కాదు గనుక డాక్టర్లకు దాన్ని వెతికే వ్యవధి ఇవ్వడం మీ చేతిలో ఉంది.

పోర్టు చుట్టూ వాపు, మంట, డ్రెస్సింగ్ కింద తడి కనిపిస్తే సూది పక్కకు జరిగి మందు చర్మం కింద చేరుతోందని అనుమానించాలి. క్లాంప్ వేయండి, రుద్దవద్దు, కాపడం పెట్టవద్దు, ఫోన్ చేయండి. సూది పూర్తిగా బయటికి వస్తే క్లాంప్ వేసి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట నొక్కిపట్టి, సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి దానితోనే ఆసుపత్రికి వెళ్లండి.

మందు నేల మీదో బట్టల మీదో కారితే ముందు క్లాంప్, తరువాత రెండు జతల తొడుగులు. పీల్చుకునే గుడ్డను పైన పరచి, తడి అంతా పట్టాక ఎత్తి సంచిలో వేసి, ఆ చోటును సబ్బు నీటితో మూడుసార్లు కడగాలి. తుడిచిన గుడ్డలను ఉతికి దాచుకోకూడదు. చర్మం మీద పడితే సబ్బుతో ధారాళంగా కడగండి. కంట్లో పడితే పదిహేను నిమిషాల పాటు నీటి ధార కింద కడిగి ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఈ పనికి దూరంగా ఉండాలి.

శరీరం ఇచ్చే సంకేతాలు

ఛాతీ నొప్పిని అన్నిటికంటే ముందు రాయాలి. ఈ మందు కొందరిలో గుండె రక్తనాళాలను ఒక్కసారిగా బిగదీస్తుంది. అంతకుముందు గుండెజబ్బు లేనివారిలోనూ ఇది జరగవచ్చు. ఛాతీలో బిగింపు, ఎడమ చేతికి పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం వస్తే అది గ్యాస్ అనుకొని సోడా తాగించకుండా వెంటనే క్లాంప్ వేసి 108కి ఫోన్ చేయండి. పంపులో ఉన్నది ఫ్లోరోయురాసిల్ అని అంబులెన్సువాళ్లకూ, క్యాజువాలిటీ డాక్టరుకూ చెప్పడం మరవవద్దు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. సైకిల్ మొదలైన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు తగ్గి ఉంటాయి, అప్పటి జ్వరం గంటల్లో ముదురుతుంది. చూడకుండా పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం కప్పబడిపోతుంది, లోపలి సూక్ష్మజీవి అలాగే ఉంటుంది. పోర్టును సెలైన్ కొట్టి ఫ్లష్ చేసిన కాసేపటికి వణుకుతో చలి వస్తే పోర్టులోనే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. పోర్టు వైపు చెయ్యి, మెడ లేదా ముఖం వాస్తే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదీ అదే రోజు చూపించవలసినది.

మామూలు కంటే నాలుగుసార్లకు మించి విరేచనాలయితే చెప్పిన మాత్ర వేసుకొని ఫోన్ చేయండి. ఓఆర్‌ఎస్, పలుచని మజ్జిగ, గంజి, సగ్గుబియ్యం జావ ఆ పూట మంచివి. పాలు, ముడిపీచు కూరలు కావు. నోటి పూతకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి, అది పూత రాకముందే మొదలుపెట్టాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి లేని ఆరు నెలలు కష్టమే; కానీ పూతబడిన నోటికి ముద్దపప్పు, నెయ్యి, పెరుగన్నం తప్ప ఏదీ దిగదు.

ఫోల్‌ఫాక్స్ తీసుకునేవారికి అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఎక్కిస్తారు. దానివల్ల నాలుగైదు రోజుల పాటు చల్లని వస్తువు తగిలితే వేళ్లలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది; చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్లే తాగాలి, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టకూడదు, పాలరాతి నేల మీద ఉత్త కాళ్లతో నడవకూడదు. వేరే కీమోలకు నోట్లో మంచుముక్క పెట్టుకోమని చెప్పిన సలహా ఎవరిదైనా విని ఉంటే, మీకు అది వర్తించదు.

బలానికని బీ-కాంప్లెక్స్ మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వాటిలో ఉండే ఫోలిక్ ఆమ్లం ఈ మందు విషాన్ని పెంచుతుంది. వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ ఉన్నవారు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి, వాటి మోతాదులు మారవలసి రావచ్చు.

విడదీయడం, పారవేయడం

సీసా లోపలి బెలూన్ మధ్యలోని కడ్డీకి చుట్టుకుపోయి, ముడతలు లేకుండా బిగిసినట్టు కనిపిస్తే మందు అయిపోయినట్టు. నర్సు క్లాంప్ వేసి, పంపు విడదీసి, 10 మి.లీ. సిరంజీతో సెలైన్ కొట్టి, తరువాత పోర్టు మూసుకుపోకుండా హెపారిన్ ఎక్కించి సూది తీస్తారు. ఈ పనికి చిన్న సిరంజీ వాడకూడదు. సిరంజీ ఎంత చిన్నదైతే గొట్టంలో పీడనం అంత ఎక్కువై లోపలి గొట్టం చీలవచ్చు. సూది తీసిన చోట ఒక రోజు తడి తగలనివ్వవద్దు.

ఖాళీ సీసా, గొట్టం మూతి కట్టిన సంచిలో ఆసుపత్రికే చేరాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ఇటువంటి కణవిష మందులు అంటిన వస్తువులు పసుపు సంచిలో వేరుగా వెళ్లి అత్యధిక ఉష్ణోగ్రతలో దహనం కావలసినవి. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే దాన్ని చేతులతో వేరుచేసే మనిషికి తగులుతుంది. పెరట్లో కాల్చడం ఇంకా చెడ్డది.

పంపు తగిలించినప్పటి నుంచి తీసిన 48 గంటల వరకు రోగి మలమూత్రాల్లో, వాంతిలో మందు ఆనవాళ్లు ఉంటాయి. మగవాళ్లు కూర్చుని మూత్రం పోసుకోవడం, మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయడం, ఇండియన్ రకం దొడ్డి అయితే రెండు బకెట్ల నీళ్లు చిందకుండా పోయడం అలవాటు చేసుకోవాలి. మురికైన దుప్పట్లను తొడుగులతో తీసి విడిగా ఉతకండి. దగ్గర కూర్చోవడం, కౌగిలించుకోవడం, ఒకే గదిలో పడుకోవడం, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, ఇవేవీ మానవలసిన పని లేదు. కంచం వేరు చేయవలసిన పని అంతకన్నా లేదు. దాంపత్యంలో మాత్రం ఆ రోజుల్లో కండోమ్ వాడాలి, చికిత్స పూర్తయ్యాక డాక్టరుగారు చెప్పిన కాలం దాకా గర్భం రాకుండా చూసుకోవాలి.

సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య

తరువాతి సైకిల్‌కు ఒకటి రెండు రోజుల ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), కాలేయం, మూత్రపిండాల పరీక్షలు దగ్గరి ల్యాబులోనే చేయించి ఫలితాన్ని ముందుగా పంపితే, రక్తకణాలు సరిపోక వాయిదా పడినప్పుడు బస్సు ప్రయాణం వృథా కాదు. వాయిదా పడిన వారం చికిత్స విఫలమైనట్టు కాదు. పన్నెండు సైకిళ్లలో ఒకటి రెండు వాయిదాలు పడని రోగి అరుదు. చేతివేళ్ల మొద్దుబారినతనం రెండు సైకిళ్ల మధ్య కూడా పోకుండా నిలిచిపోతుంటే, చొక్కా బొత్తం పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంటే తప్పక చెప్పండి. ఆక్సాలిప్లాటిన్ తగ్గించి, లేదా ఆపి, పంపు మందును మాత్రమే కొనసాగించే వీలుంది. ఆరో సైకిల్ తరువాత ఈ మాట దాచినవారికి కోర్సు ముగిశాక కూడా నెలల తరబడి చెప్పుల స్పర్శ తెలియకుండా పోవచ్చు.

చివరి పంపు తీసిన తరువాత పోర్టును వెంటనే తీసేయరు. స్కానింగ్ చూసి డాక్టరుగారు తీయమనే దాకా, వాడకపోయినా, సాధారణంగా నెలకోసారి ఫ్లష్ చేయించుకోవాలి; కొన్ని ఆసుపత్రులు ఆ వ్యవధిని మూడు నెలల దాకా పొడిగిస్తాయి. ఆ తేదీలను క్యాలెండర్ మీద ముందుగానే గుర్తు పెట్టుకోండి.